మొరాయించేది బండి కాదు, పాత మరమ్మతు

శివరాత్రికి శ్రీముఖలింగం వెళ్లే దారిలో బానెట్ ఎత్తి నిలబెట్టిన పాత కారు కనపడకపోతేనే వింత. నరసన్నపేట దగ్గర జాతీయ రహదారి వదిలి, చల్లవానిపేట మీదుగా వంశధార ఒడ్డుకు చేరే ఈ దారి ఇరవై కిలోమీటర్లకు అటూ ఇటూ ఉంటుంది. మామూలు రోజున ముసలి బండికి కూడా అది లెక్కలోది కాదు. శివరాత్రికీ, ఆ తర్వాత చక్రతీర్థ స్నానాలకూ మాత్రం సంగతి వేరు. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల వాళ్లతో పాటు ఒడిశా వైపు పర్లాకిమిడి నుంచి కూడా జనం దిగుతారు. తూర్పు గాంగుల రాజధాని కళింగనగరం ఇదేనని చరిత్రకారులు చెబుతారు. ఆ నాలుగు రోజులూ ఊరికి మళ్లీ రాజధాని హోదా వచ్చినట్టే ఉంటుంది. కార్లు ఫస్ట్ గేరులో పాకుతాయి, క్లచ్ మీంచి కాలు తియ్యడానికి ఉండదు. ఎండ ఇంకా ముదరకముందే ఇంజన్లు కాగిపోతాయి.

అలా ఆగిన బండి చుట్టూ నలుగురు చేరతారు. ఒకాయన "ఏటయిందేటి?" అంటాడు. ఇంకొకాయన "నీల్లు పొయ్యి బాబూ, ముందు నీల్లు పొయ్యి" అంటాడు. మూడో ఆయన బానెట్ కిందికి తొంగి చూడకుండానే తీర్పు చెప్పేస్తాడు: "గాస్కెట్ పోనాది. ఇంక సూడక్కర్నేదు." బండి ఎప్పుడు కాగిందని మాత్రం ఎవరూ అడగరు. పరుగులో కాగిందా, ఆగి ఉన్నప్పుడు కాగిందా? సగం రోగం ఆ ఒక్క ప్రశ్నతోనే తేలిపోతుంది.

బండి వేగంగా పోతున్నప్పుడు ఎదురుగాలే రేడియేటర్‌ని చల్లబరుస్తుంది, ఫ్యానుతో పెద్దగా పని ఉండదు. ఆగితేనే ఫ్యాను కావాలి. కాబట్టి రహదారి మీద బాగానే ఉండి గుడి దగ్గర రద్దీలో కాగిందంటే ముందు ఫ్యానుని అనుమానించాలి. అంబాసిడర్‌లో ఫ్యాను బెల్టుతో తిరుగుతుంది, బెల్టు వదులైందేమో వేలితో నొక్కి చూస్తే తెలుస్తుంది. మారుతీ 800లో కరెంటు ఫ్యాను ఉంటుంది, నీళ్ల వేడిని బట్టి ఒక స్విచ్చు దాన్ని తిప్పుతుంది. ఆ స్విచ్చో, ఫ్యూజో, వైరో పోయి ఉంటుంది. దీనికి భిన్నంగా, ఊళ్లో బాగానే ఉండి రహదారి మీద ఎనభై దాటితే కాగే బండిలో ఫ్యాను తప్పు లేదు. రేడియేటర్ లోపలి సన్న గొట్టాలు పూడుకుపోయి నీరు సరిగ్గా పారడం లేదు. ఈ రెంటికీ ఒకే మందు వేసే షెడ్లు చాలా ఉన్నాయి.

మెకానిక్కులను తిట్టడం నా ఉద్దేశం కాదు. కానీ పదిహేను, ఇరవై ఏళ్లు దాటిన ఏ కారు బానెట్ ఎత్తినా మీకు కనిపించేవి కంపెనీ చేసిన తప్పులు కావు, పాత మరమ్మతులు. ఫ్యాను స్విచ్చు పోయినప్పుడు డాష్‌బోర్డు కింద నేరుగా బిగించిన బొత్తాం. ఫ్యూజు ఉండాల్సిన చోట మెలిపెట్టిన రాగితీగ. టేపు చుట్టిన పైపు. వీటిలో ప్రతిదీ ఏదో ఒక రాత్రి ఎవరినో ఇంటికి చేర్చిన ఉపాయమే. ఆ రాత్రికి అది సరైనదే. మర్నాడు దాన్ని విప్పి సరిచేయకుండా పదేళ్లు వదిలేశారు, తప్పంతా అక్కడే. బండి వయసు కన్నా ఈ తాత్కాలికాల వయసే నన్ను ఎక్కువ భయపెడుతుంది.

ఇప్పుడు మనం పాత కార్లంటున్నవి ఎక్కువగా ఆ రెండే. మారుతీ 800 మొదటి బండి 1983 డిసెంబరులో రోడ్డెక్కింది, తయారీ 2014 జనవరిలో ఆగింది. అంబాసిడర్ 1950ల చివర్లో పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తర్‌పారాలో మొదలై 2014 మేలో ఆగిపోయింది. అంటే వీటిలో అన్నిటికన్నా చిన్నదానికి కూడా పదేళ్లు దాటాయి. ఆ వెనకే 1998లో వచ్చిన శాంత్రో, ఇండికాల తొలి తరం ఉంది.

వేడి సంగతి ఇంకా అయిపోలేదు. అందరికన్నా ఎక్కువ అన్యాయానికి గురైన భాగం థర్మోస్టాట్. ఇంజన్ చల్లగా ఉన్నంతసేపూ నీటిని రేడియేటర్ వైపు పోనివ్వకుండా ఆపి, ఎనభై డిగ్రీలు దాటాక తెరుచుకునే చిన్న వాల్వ్ ఇది. ఇది బిగుసుకుపోతే ఇంజన్ కాగుతుంది. దాంతో దీన్ని తీసి పారేసే అలవాటు వచ్చింది. "వాల్వ్ తీసీసినాం, ఇంక సల్లగుంటాది" అంటారు. చల్లగానే ఉంటుంది, ఉండాల్సిన దానికన్నా చల్లగా. కార్బరేటర్ బండి అయితే పెట్రోలు సరిగ్గా ఆవిరి కాక ఎక్కువ తాగుతుంది. ఆయిల్లో చేరిన తేమ ఆరదు, సిలిండర్లు తొందరగా అరుగుతాయి. మైలేజీ పడిపోయిందని ఆ తర్వాత అదే షెడ్డులో కార్బరేటర్ విప్పిస్తారు. కొత్త థర్మోస్టాట్ ఖరీదు ఒక మంచి భోజనం ఖరీదుకు దగ్గర్లోనే ఉంటుంది.

రేడియేటర్ మూతదీ ఇదే కథ. అది వట్టి మూత కాదు, ఒత్తిడిని పట్టి ఉంచే వాల్వ్. 0.9 బార్ ఒత్తిడి దగ్గర నీరు నూరు డిగ్రీలకు కాక దాదాపు 118, 120 డిగ్రీలకు మరుగుతుంది. మూతలోని రబ్బరు ఎండిపోతే ఆ ఒత్తిడి నిలవదు, బాగున్న ఇంజన్ కూడా పొంగుతుంది. ముందు మూత మార్చి చూడండి, గాస్కెట్ తర్వాత. కాగిన బండి మూత మాత్రం తియ్యొద్దు. మొహం కాల్చుకునేది ఎక్కువగా అక్కడే. బోరునీళ్లు పోసిపోసి రేడియేటర్ లోపల సున్నం కట్టించడం మన పల్లెల్లో ఇంకో అలవాటు. డిస్టిల్ వాటర్‌లో సగానికి సగం కూలెంట్ కలిపి పోస్తే తుప్పూ పట్టదు, సున్నమూ కట్టదు.

నిజంగా హెడ్ గాస్కెట్ పోయిందా అన్నది చల్లటి ఇంజన్ మీద చూడాలి. మూత తీసి, స్టార్ట్ చేసి, నీళ్లలోకి చూడండి. మొదట నాలుగు బుడగలు వచ్చి ఆగిపోతే అది చిక్కుకున్న గాలి. ఆగకుండా వస్తూనే ఉంటే సిలిండర్లోని వాయువు నీళ్లలోకి దూరుతోంది. ఆయిల్ పోసే మూత అడుగున మజ్జిగ తెట్టులా తెల్లగా ఉందా అని కూడా చూడాలి. అయితే రోజూ రెండు కిలోమీటర్లే తిరిగే బండిలో మామూలు తేమతో కూడా ఆ తెట్టు చేరుతుంది. ఒక్క సాక్ష్యంతో ఇంజన్ హెడ్ విప్పించకండి.

సెల్ఫ్ కొడితే ఏమంటోంది?

పొద్దున్నే తాళం తిప్పితే బండి మూడు రకాలుగా మాట్లాడుతుంది. టకటకటకమని వరసగా కొట్టుకుంటే బ్యాటరీలో సత్తువ లేదు. టక్కుమని ఒక్కసారి చప్పుడై ఆగితే బ్యాటరీ బాగానే ఉండి సెల్ఫ్ మోటారు బ్రష్షులో, దానికి కరెంటు చేరే దారో చెడిపోయి ఉండొచ్చు. గిర్రున తిరుగుతూ అంటుకోకపోతే సెల్ఫ్‌ది ఏ తప్పూ లేదు, పెట్రోలు గానీ స్పార్క్ గానీ రావడం లేదు.

చిన్న మల్టీమీటర్ దగ్గర పెట్టుకోండి, పాత కారుకు ఇంతకన్నా పనికొచ్చే పనిముట్టు లేదు. రాత్రంతా ఆగి ఉన్న బ్యాటరీ 12.6 వోల్టులు చూపిస్తే నిండుగా ఉంది. 12కి దిగితే దాదాపు ఖాళీ. ఇంజన్ తిరుగుతున్నప్పుడు 13.8 నుంచి 14.4 దాకా ఉండాలి. అప్పుడు కూడా పన్నెండున్నరే ఉంటే ఛార్జింగే కావడం లేదు, కొత్త బ్యాటరీ వేసినా నాలుగో రోజు మళ్లీ ఇదే తంతు. ఆల్టర్నేటర్ని వదిలేసి రెండేసి బ్యాటరీలు మార్పించినవాళ్లు మీ వీధిలోనే దొరుకుతారు.

మన తీరప్రాంతంలో ఇంకో దొంగ ఉన్నాడు, ఎర్తు వైరు. బ్యాటరీ నెగటివ్ నుంచి బాడీకీ, బాడీ నుంచి ఇంజన్‌కీ పోయే ఆ మందపాటి పట్టీ తుప్పు పడితే సెల్ఫ్ తిరగదు, లైట్లు మసకబారతాయి. హారన్ కొడితే ఇండికేటర్ వెలగడం లాంటి వింతలూ జరుగుతాయి. వంశధార కళింగపట్నం దగ్గర సముద్రంలో కలుస్తుంది. ఆ ఉప్పుగాలి తగిలే ఊళ్లలో తిరిగే బండ్లకు ఈ బాధ మరీ ఎక్కువ. పరీక్ష తేలిక. జంపర్ కేబుల్ ఒకటి తీసుకుని బ్యాటరీ నెగటివ్‌ని నేరుగా ఇంజన్ లోహానికి కలిపి సెల్ఫ్ కొట్టండి. ఒక్కసారిగా హుషారుగా తిరిగితే దొంగ దొరికినట్టే. ఎర్తు పట్టీ విప్పి, కింద గరుకు కాగితంతో రుద్ది, మళ్లీ బిగించి గ్రీజు రాస్తే పని అయిపోతుంది. బ్యాటరీ టెర్మినళ్ల మీద పేరుకున్న తెల్లటి, పచ్చటి పొడికి వేడినీళ్లలో కలిపిన వంటసోడా చాలు.

తిరిగి అంటుకోని బండిలో ప్లగ్గు విప్పి చూడాలి. తడిగా, పెట్రోలు వాసనతో ఉంటే పెట్రోలు వస్తోంది, స్పార్క్ లేదు. ఎండిపోయి ఉంటే పెట్రోలే రావడం లేదు. ఎన్ని వందల రూపాయలు మిగిల్చే పరీక్షో చెప్పలేను. పాత అంబాసిడర్ పెట్రోలు బండ్లలో డిస్ట్రిబ్యూటర్ లోపల పాయింట్లు ఉంటాయి, వాటి మధ్య సందు 0.4 మిల్లీమీటర్ ఉండాలి. అవి మాడితే స్పార్క్ బలహీనపడుతుంది. పాయింట్లు మార్చిన కొన్నాళ్లకే మళ్లీ మాడాయంటే పక్కనున్న కండెన్సర్ని అనుమానించండి. ఏటి ఒడ్డున రాత్రంతా మంచులో నిలిపిన బండి తెల్లవారి అంటుకోకపోతే ఇంకేదీ ముట్టుకోకుండా డిస్ట్రిబ్యూటర్ మూత తీసి లోపలి తేమను పొడిగుడ్డతో తుడవండి. లోపల వెంట్రుకలాంటి నల్లగీత కనిపిస్తే ఆ మూత పని అయిపోయింది, తుడిచి లాభం లేదు.

నాకు ఇష్టమైన జబ్బు ఇంకొకటి ఉంది. బండి చక్కగా స్టార్ట్ అవుతుంది, పది కిలోమీటర్లు పోయి దగ్గి ఆగిపోతుంది. పావుగంట వదిలేస్తే ఏమీ ఎరగనట్టు మళ్లీ బయలుదేరుతుంది. షెడ్డుకు తీసుకెళ్తే అక్కడ బుద్ధిమంతుడు. ఆగిన చోటనే పెట్రోలు ట్యాంకు మూత తీసి చూడండి. గాలి బుస్సున లోపలికి పోయి, బండి వెంటనే అంటుకుంటే మూతలోని గాలిరంధ్రం మూసుకుపోయింది. లోపల శూన్యం ఏర్పడి పంపు పెట్రోలు లాగలేకపోతోంది, పిన్నీసు పెట్టి రంధ్రం పొడిస్తే రోగం కుదురుతుంది. మూత తీసినా అంటుకోక, చల్లారాకే అంటుకుంటే ఇగ్నిషన్ కాయిల్ని చూడాలి. వేడెక్కితే పనిచేయడం మానేసే కాయిల్ చల్లటి షెడ్డులో ఎప్పటికీ దొరకదు.

మే నెల ఎండలో పెట్రోలు పైపులోనే ఆవిరై పంపు పట్టు తప్పడం మూడో కారణం. పంపు మీద తడిగుడ్డ చుట్టే పాత డ్రైవర్ల చిట్కా అప్పుడు పనిచేస్తుంది. వెటకారాలకు గురైన ఆ గుడ్డ వెనక ఉన్నది శుద్ధమైన భౌతికశాస్త్రం. ఇప్పుడు బంకుల్లో వస్తున్నది ఇరవై శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు. పాత బండ్ల రబ్బరు పైపులు, పంపు డయాఫ్రంలు ఆ రోజుల్లో దానికోసం తయారైనవి కావు. ఉబ్బి, మెత్తబడి, పగులుతాయి. ఇథనాల్ గాలిలోని తేమను కూడా పీలుస్తుంది. నెలల తరబడి కదలని బండిలో ట్యాంకు అడుగున నీరు చేరి, తుప్పు పుట్టి, జెట్టులు పూడుకుపోతాయి. పైపులన్నీ ఒక్కసారి ఇథనాల్ తట్టుకునే రకంతో మార్పించేస్తే మంచిది. పెట్రోలు కారే పైపుకు టేపు చుట్టడం మరమ్మతు కాదు, నిప్పుతో చెలగాటం.

పొగ గురించి నాలుగు మాటలు చాలు. నీలంగా వస్తే ఆయిల్ కాలుతోంది. పొద్దున్న స్టార్ట్ చేసినప్పుడు మాత్రమే వచ్చి ఆగితే వాల్వ్ సీళ్లు, లాగుతున్నప్పుడల్లా వస్తే పిస్టన్ రింగులు. పెట్రోలు బండిలో నల్లపొగ అంటే పెట్రోలు ఎక్కువైంది లేదా ఎయిర్ ఫిల్టర్ దుమ్ముతో పూడింది. వేడెక్కాక కూడా తెల్లపొగ ఆగకపోతే నీరు లోపలికి పోతోంది. బోర్ చేయించాలని ఎవరైనా అంటే ముందు కంప్రెషన్ కొలిచి చూపమనండి. కొలవకుండా చెప్పింది వైద్యం కాదు, జోస్యం.

తీగతో మొదలై మంటతో

కోతల కాలంలో గడ్డివాము పక్కన కారు నిలిపేవాళ్లకు ఎలుకల సంగతి చెప్పక్కర్లేదు. ఇంజన్ వెచ్చదనానికి చేరి వైర్ల తొడుగులు కొరుకుతాయి. బయటపడ్డ తీగలు బాడీకి తగిలి ఫ్యూజు పోతుంది. కొత్త ఫ్యూజు వేస్తే అదీ పోతుంది. అక్కడే ఎవరో తెలివిగా రాగితీగ మెలిపెడతారు, లైటు వెలుగుతుంది, అందరూ సంతోషిస్తారు. ఫ్యూజు పని మాడిపోవడమే. పది ఆంపియర్ల దగ్గర అది మాడకపోతే ఆ తర్వాత మాడేది వైరు, ఆపైన కార్పెట్, ఆపైన కారు. ఫ్యూజు రెండోసారి పోయిందంటే లోపల ఎక్కడో తీగ తగులుతోందని అర్థం, వెతకాల్సింది దాన్ని. బండి నిలిపిన రెండు మూడు రోజులకే బ్యాటరీ దిగిపోతుంటే మల్టీమీటర్‌ని నెగటివ్ తీగ మధ్యలో కలిపి చూడండి. అన్నీ ఆపాక కూడా 50 మిల్లీ ఆంపియర్లకు మించి లాగుతుంటే ఒక్కో ఫ్యూజు తీస్తూ పోవాలి. ఏది తీసినప్పుడు అంకె పడిపోతుందో ఆ దారిలోనే దొంగ.

కంప్యూటర్ ఉన్న కాస్త కొత్త బండ్లలో స్కానర్ పెట్టి కోడ్ చదువుతారు. ఆక్సిజన్ సెన్సర్ అని వస్తే దాన్ని మార్చేస్తారు. ఆ కోడ్ సెన్సర్ చెప్పిన ఫిర్యాదే తప్ప సెన్సర్ మీద తీర్పు కాదు. సైలెన్సర్ పైపులో సన్న చీలిక ఉన్నా అదే కోడ్ వస్తుంది.

వరద వచ్చినప్పటి మాట కూడా చెప్పాలి. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను వచ్చినప్పుడు వంశధార ఒడ్డు చూసినవాళ్లకు నీరు ఎంత తొందరగా ఎక్కుతుందో గుర్తుండే ఉంటుంది. మునిగిన బండిని స్టార్ట్ చేసి చూద్దామన్న ఉబలాటమే ఇంజన్‌ని చంపుతుంది. సిలిండర్లో చేరిన నీరు కుదించుకుపోదు, కనెక్టింగ్ రాడ్డు వంగిపోతుంది. బ్యాటరీ విప్పండి, ప్లగ్గులు తియ్యండి, నీరు కక్కించి, ఆయిల్ మార్చి, ఆ తర్వాతే సెల్ఫ్.

బ్రేకు దగ్గర బేరం లేదు

ఇంతదాకా చెప్పినవన్నీ తప్పితే బండి ఆగిపోతుంది. ఇది తప్పితే ఆగదు. బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీలుస్తుంది. డాట్ 3 రకం కొత్తగా ఉన్నప్పుడు 205 డిగ్రీల దాకా మరగదు, తేమ పట్టాక 140కే మరగవచ్చు. ఊళ్లో తిరిగినంతకాలం ఇది బయటపడదు. సాలూరు దాటి సుంకి ఘాట్ ఎక్కి, కోరాపుట్ వైపు నుంచి దిగి వచ్చేటప్పుడు, మలుపు మలుపుకీ బ్రేకు తొక్కాక, ఉన్నట్టుండి పెడల్ మెత్తగా కిందికి పోతుంది. లోపల ఆయిల్ ఆవిరైంది. రెండేళ్లకోసారి ఆయిల్ మొత్తం మార్పించేవాళ్లు ఎందరున్నారు? తక్కువైతే పైన పోయించడమే మనకు తెలుసు. తక్కువైందంటే లైనర్లు అరిగాయి లేదా ఎక్కడో కారుతోంది, ఆ రెండింటిలో ఏదో చూడకుండా పోయొద్దు.

పెడల్ మీద కాలు పెట్టి అలాగే నొక్కి ఉంచండి. మెల్లగా దిగిపోతూ ఉండి, బయట ఎక్కడా తడి లేకపోతే మాస్టర్ సిలిండర్ రబ్బర్లు పోయాయి. రెండు మూడుసార్లు కొడితే గట్టిపడుతుంటే పైపుల్లో గాలి ఉంది లేదా వెనక లైనర్లు దూరంగా ఉన్నాయి. బ్రేకు వేస్తే బండి ఒక పక్కకు లాగితే, చాలాసార్లు ఎదుటి పక్క చక్రం పని చేయడం లేదని అర్థం. ఎడమకు లాగితే కుడిచక్రం డ్రమ్ము విప్పించండి. పెట్రోలు ఆదాకని ఘాట్‌లో ఇంజన్ ఆపి న్యూట్రల్‌లో దిగేవాళ్లు ఇంకా ఉన్నారు. బూస్టర్ ఉన్న బండిలో ఇంజన్ ఆగిన కాసేపటికే పెడల్ గట్టిపడిపోతుంది. ఏ గేరులో ఎక్కారో ఆ గేరులోనే దిగమనే పాత లారీ డ్రైవర్ల నియమం కార్లకూ వర్తిస్తుంది.

అన్నిటికీ కలిపి ఒక పద్ధతి ఉంది. ఒకసారికి ఒక్కటే మార్చండి. ప్లగ్గులూ, కాయిలూ, ఫిల్టరూ ఒకేరోజు మార్పిస్తే బండి బాగుపడవచ్చు, దేనివల్ల బాగుపడిందో మాత్రం ఎవరికీ తెలియదు. తీసిన పాత సామాను అడిగి ఇంటికి తెచ్చుకోండి. ఏ రోజున ఏం మార్చారో డాష్‌బోర్డు అరలో ఓ నోటుపుస్తకంలో రాసి పెట్టండి, దారిలో పెట్టిన తాత్కాలికాలతో సహా. "బండి లాగట్నేదు" అంటే మేస్త్రికి ఏమీ చెప్పినట్టు కాదు. "కాగినాక, ఎత్తు మీద, మూడో గేరులో లాగట్నేదు" అంటే ఆయన పని సగం మీరే చేసినట్టు.

చివరికి తుప్పు. ఇంజన్ ఎప్పుడైనా బాగు చేసుకోవచ్చు, కుళ్లిన బాడీని చేసుకోలేం. ఈ కార్లలో విడిగా ఛాసిస్ ఉండదు, బాడీయే మోస్తుంది. టింకరింగ్ చేసి పుట్టీ పెట్టి రంగు కొట్టిన చోట అయస్కాంతం అంటదు, సెకండ్ హ్యాండ్ బండి కొనేవాళ్లు ఒకటి జేబులో వేసుకెళ్లాలి. కార్పెట్ ఎత్తి నేల చూడండి, తలుపుల కింది పెట్టెభాగాల్ని స్క్రూడ్రైవర్‌తో గట్టిగా పొడవండి. పదిహేనేళ్లు నిండాక రిజిస్ట్రేషన్ అయిదేళ్లకోసారి పొడిగించుకోవాలి, అప్పుడు బండిని తనిఖీ చేస్తారు. ఆ రుసుము 2022 ఏప్రిల్ నుంచి కారుకు 5,000 రూపాయలైంది, ఇరవై ఏళ్లు దాటిన వాటికి 2025లో 10,000 చేశారు. ఆ డబ్బు కట్టే ముందు బండిని ఎత్తించి సస్పెన్షన్ బిగించిన చోట్లు చూడండి. అక్కడ స్క్రూడ్రైవర్ లోపలికి దిగిందంటే ఇంక ఖర్చు పెట్టొద్దు. సెల్ఫ్ మోటారు, డిస్ట్రిబ్యూటర్, కార్బరేటర్ విప్పి పక్కన పెట్టుకోండి, అదే మోడల్ నడుపుతున్నవాడు ఎవడో వెతుక్కుంటూ వస్తాడు. మిగతాది తూకానికి ఇచ్చేసి, ఆర్సీ రద్దు కాగితం మాత్రం చేతికి వచ్చేదాకా వదలకండి.